వికారిగాడి యోగ్యతాపత్రం

పిమాయ్,
9 మే, బౌద్ధ శకం 2536

ఒసే కప్పా,

నేనింకా బతికే ఉన్నానా అని మీ అమ్మను అడిగావట. ఉన్నాను. ఈ ఉత్తరాన్ని రుజువుగా దాచుకో. బాంకాక్‌లో నువ్వు టైపు కొట్టే ఆ మార్జాల సంఘంలో ప్రతిదానికీ రుజువు కావాలంటారుగా.

అసలు కబురు ఇది. మేఖల పిల్లల్ని పెట్టింది. గంప నిండా మెత్తటి గుడ్డలు పరిచి సిద్ధం చేస్తే, మహారాణి వాటివైపు కన్నెత్తి చూడలేదు. బీరువా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, నా పదవీ విరమణ నాడు బడివాళ్ళు ఇచ్చిన పట్టుగుడ్డ మీద కాన్పు కానిచ్చింది. ముప్పై ఏళ్ళు ఈ ఊరి ఆడపిల్లలకు రేఖాగణితం చెప్పినందుకు దక్కిన గుడ్డ అది. ఇన్నాళ్ళకు ఒకరి అక్కరకు వచ్చింది.

నాలుగు పిల్లలు. రెండు ఆడ, రెండు మగ. నాలుగూ మబ్బు రంగే. మొన్న ఎండల్లో మన ముసలి గండుపిల్లి పెద్దాయన పోయాక ఇంట్లో మొగదిక్కు లేకుండా పోయిందని నేనూ మేఖలా దిగులుగా కూర్చున్న మాట నీకు తెలుసు. మా అమ్మ చేతి నుంచి నా చేతికి వచ్చిన పిల్లుల వంశమిది. పెద్దాయన వారసుడు ఇక ఈ రెండు మగవాటిలోంచే రావాలి. రాకపోతే నాతోపాటే ఆ వంశమూ పోతుంది. దహనానికి ఖర్చు కలిసివస్తుంది.

పోయిన ఉత్తరంలో 'అమ్మమ్మా, వీటిని సంఘంలో నమోదు చేయించు' అని రాశావు. నాకో సందేహం. అయుత్థయ రాజుల కాలం నుంచి ఈ పిల్లులు ఈ నేల మీదే ఎలకలు పడుతున్నాయి. ఇప్పుడు బాంకాక్‌లో ఒక గదిలో కూర్చున్న నలుగురు 'అవును, ఇవి పిల్లులే' అని ముద్ర వేస్తే తప్ప ఎలకలు వీటికి భయపడవా?

అన్నం వేళకు తిను. పోయినసారి చూసినప్పుడు ఎండిన చేపలా ఉన్నావు. ఎండిన చేపకైనా కాస్త రుచి ఉంటుంది.

అమ్మమ్మ

---

బాంకాక్,
23 మే 2536

అమ్మమ్మకు నమస్కారాలు.

మేఖలకు శుభాకాంక్షలు చెప్పు. పట్టుగుడ్డ సంగతి చదివి మా ఆఫీసులో అందరూ నవ్వారు. మా కార్యదర్శి గారు మాత్రం నవ్వలేదు. 'కాన్పు పెట్టెలో కాకుండా బీరువాలో అయిందా? అది నిబంధనల్లో లేదే' అన్నారు.

నమోదు ఎందుకో మరోసారి చెబుతాను, కోప్పడకు. పాత కాలపు ఇళ్ళలో పుట్టిన ఈ మబ్బురంగు కోరాత్ జాతి పిల్లులకు వంశ పట్టీ ఉండదు కదా. అలాంటి వాటిని చేర్చుకోవడానికి సంఘం ఈ ఒక్క సంవత్సరమే తలుపు తెరిచింది. ఆ తర్వాత తల్లీ తండ్రీ ఇద్దరూ పుస్తకంలో ఉన్న పిల్లినే చేర్చుకుంటారు. తలుపు మూశాక మన మేఖల పిల్లలు ఉత్త బూడిదరంగు పిల్లులు. నువ్వు ఉన్నన్నాళ్ళూ వాటిని ఎవరూ ఏమీ అనరు. ఆ తర్వాత? మామయ్యకు పిల్లి వెంట్రుక తగిలితే తుమ్ములు. నా అద్దె గదిలో నాకే చోటు లేదు. కాగితం ఉంటే వాటిని ప్రాణంగా పెంచేవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. లేకపోతే గుడి వాకిట్లో వదిలేస్తారు.

ఇక నిబంధనలు. ఓపికగా చదువు.

మూడు తరాల పేర్లు కావాలి. మన ఇంటికి ఒక పేరు పెట్టాలి, ప్రతి పిల్ల పేరు ముందూ అదే ఉంటుంది. మూడు నెలలు నిండనిదే పిల్లను తల్లి దగ్గర్నుంచి కదపకూడదు. ఏడాది నిండని ఆడపిల్లిని మగపిల్లి దగ్గరికి పంపకూడదు. అన్నాచెల్లెళ్ళను జత కట్టించకూడదు.

అసలైనది ఇది. సంఘంలో రెండు పుస్తకాలున్నాయి. సంతతి పుస్తకంలోకి ఎక్కిన పిల్లి పిల్లల్ని కనొచ్చు, ఆ పిల్లలకూ కాగితాలొస్తాయి. పెంపుడు పుస్తకంలోకి ఎక్కిన పిల్లి ఒళ్ళో కూర్చోవడానికి మాత్రమే. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, డాక్టరు సంతకం తెస్తేనే కాగితం ఇస్తారు. వంశ పట్టీ లేని ఇంటి నుంచి ఆడపిల్లలు ఎన్నయినా సరే, మగపిల్లి మాత్రం ఒక్కటే సంతతి పుస్తకంలోకి. రెండోది పెంపుడు పుస్తకంలోకే.

కాబట్టి ఇద్దరు మగవాళ్ళలో ఎవడు ఎలా ఉన్నాడో ఉన్నదున్నట్టు రాయి. నువ్వు చెప్పినట్టే ఫారం నింపుతాను. పిల్లుల గురించి నీకంటే తెలిసినవాళ్ళు మా సంఘంలో కూడా లేరు (ఈ మాట కార్యదర్శి గారికి చెప్పకు).

నీ మనవరాలు,
విలైలక్

తా.క. సంతకం గమనించావా? ఇరవై ఆరేళ్ళొచ్చాయి, ఇంకా కప్ప అనే పిలుస్తావా?

---

పిమాయ్,
8 జూన్ 2536

కప్పా,

సంతకం గమనించాను. అందంగా ఉంది. ఎవరిది?

మీ నిబంధనలు రెండుసార్లు చదివాను. ఏడాది నిండనిదే సంబంధం చూడకూడదు, అన్నాచెల్లెళ్ళకు కలపకూడదు, మూడు తరాలు విచారించాలి. బాగుంది. మీ తాతతో నా పెళ్ళికి ఇందులో సగం విచారించినా నా జీవితం మరోలా ఉండేది.

ఇంకో సంగతి. మీ సంఘం పంపిన పుస్తకం అట్ట మీది పిల్లి అమెరికాలో పుట్టిందట. అది కోరాత్ పిల్లి. కోరాత్ జిల్లాలో, నా బీరువాలో పుట్టింది మాత్రం కాగితం లేకపోతే ఉత్త బూడిద పిల్లి. రేఖాగణితం చెప్పినదాన్ని. ఈ సిద్ధాంతానికి నిరూపణ నాకు తోచడం లేదు. అయినా గుడి వాకిలి మాట రాశావు చూడు, అది పని చేసింది. అందుకే జవాబులు రాస్తున్నాను.

మూడు తరాలు: తల్లి మేఖల. మేఖల తల్లి ఫోన్ (వానలో పుట్టింది, అందుకే వాన పేరు). ఫోన్ తల్లి, నా పెళ్ళినాడు శుభమని మా అమ్మ నా పక్క మీద వదిలిన జంట నుంచి దిగిన ఆడపిల్లి. ఆ జంట నా కాపురం కంటే సుఖంగా గడిపింది. తండ్రి పెద్దాయన. సాక్షులెవరని అడుగుతారేమో. ఆ రోజు వీధి వీధంతా విన్నది. కావాలంటే ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించి పంపుతాను.

ఇంటి పేరు: 'ప్రయోంగ్ టీచరు ఇల్లు' అని రాయి. 'వంటింటి దొంగలు' అన్నది ఇంకా నిజం గానీ, ఫారంలో పట్టదేమో.

ఇక్కడ వానలు ఆలస్యమయ్యాయి. మబ్బురంగు పిల్లిని గంపలో పెట్టి ఊరేగించి నీళ్ళు చల్లితే వాన పడుతుందని, మేఖలను ఇమ్మని పెద్దలు వచ్చారు. బాలింతను పంపనన్నాను. చివరికి గుడిలోని పసుపు పిల్లిని ఊరేగించారు. అది కరిచిన తలారి చెయ్యి వాచింది. వాన పక్క ఊళ్ళో పడింది. పిల్లి రంగు తప్పినందుకే వాన ఊరు తప్పిందని తేల్చారు. అంటే నా తప్పేనన్నమాట.

ఇక మగవాళ్ళ సంగతి. ఉన్నదున్నట్టు రాయమన్నావుగా, రాసుకో.

మొదటివాడు రాకుమారుడు. ఆహా, ఏం అందం! ఏం ఠీవి! నడిస్తే నేల మెరుస్తుంది. బొద్దుగా, నిగనిగలాడుతూ, చూసిన కళ్ళు చూసినట్టే ఉండిపోతాయి. వచ్చినవాళ్ళందరికీ ముందు వాణ్నే చూపిస్తున్నాను. వీధి వాకిట్లోకి తీసుకెళ్ళి గట్టిగా పొగుడుతున్నాను కూడా.

రెండోవాడు వికారి. వాడి గురించి రాయాలంటే కలం సిగ్గుపడుతోంది. మొహం చూడబోతే తమలపాకు: పైన వెడల్పు, కింద మొన. మొహం కంటే ముందు చెవులు గదిలోకి వస్తాయి. కళ్ళు గుడ్లగూబవి, రంగు బురదది. వెంట్రుకల చివర్లు తెల్లగా మెరుస్తాయి, పుట్టుకతోనే నెరిసిన ముసలాడు. ఎవరికీ చూపించడం లేదు. మసిగుడ్డలో చుట్టి నా మంచం కింద పడేశాను. కోతి. దరిద్రుడు.

ఇంతకంటే వివరంగా ఎవరూ రాయలేరు. ఫొటో స్టూడియోవాణ్ని కూడా పిలిపించాను. విడిగా పంపుతాను.

అమ్మమ్మ

---

బాంకాక్,
15 జూలై 2536

అమ్మమ్మకు నమస్కారాలు.

ఫొటో అందింది. బూడిదరంగు గోడ ముందు బూడిదరంగు చాప మీద నాలుగు బూడిద ముద్దలు. అందులో ఒకటి పిల్లి కాదు, నీ చెప్పు అనుకుంటున్నాను. కార్యదర్శి గారు భూతద్దం పెట్టి చూసి, 'ఫొటో జతపరచబడినది' అని మాత్రం రాసుకున్నారు.

పర్వాలేదు. నీ వర్ణన చాలు. ఎవరు ఏ పుస్తకంలోకి వెళ్ళాలో చదవగానే అర్థమైంది. ఫారం నింపి ఇచ్చేశాను. ఆడపిల్లలిద్దరూ సంతతి పుస్తకంలోనే. ఇక సంతతి పుస్తకంలోని మగపిల్లిని సంఘం న్యాయనిర్ణేత ఒకసారి కళ్ళారా చూడాలి. నాలుగు నెలలు నిండాక ఎవరైనా ఇటు వస్తుంటే వాణ్ని పంపు. నా గదిలోనే ఉంచుకుంటాను.

దరుణక్క ఉత్తరం రాసింది. నీ పెద్ద మనవరాలి బ్యాంకు ఉద్యోగం గురించి నువ్వు ఊరంతా చాటుతున్నావట. సంతోషం. నా ఉద్యోగం గురించి మాత్రం 'పిల్లులకు గుమాస్తా' అని చెబుతున్నావట. అదీ నిజమేలే.

విలైలక్

---

పిమాయ్,
4 సెప్టెంబర్ 2536

కప్పా,

చదవగానే అర్థమైందన్నావు. అర్థం కాకేం చేస్తుంది, నా రక్తం కదా. బాంకాక్ నీళ్ళు తాగినా బుర్ర మరీ మొద్దుబారలేదని తెలిసి ఊరట కలిగింది.

ఈ ఉత్తరం తెచ్చినావిడ మన వీధి చివర నూడుల్స్ చేసే సాయియూద్. కూతురి ఇంటికి వస్తోంది. గంపలో వికారిగాడు ఉన్నాడు. దారి పొడవునా గంప మీద గుడ్డ తీయవద్దనీ, ఎవరైనా అడిగితే పందికొక్కు అని చెప్పమనీ ఆవిడకు నేర్పి పంపాను. కాలికి దారం కట్టాను, తీయకు. వాడికి ఉడికించిన చేప పెట్టు, ముళ్ళు తీసి. కొత్త చోట రెండు రోజులు బల్ల కింద దాక్కుంటాడు. దాక్కోనీ. పేరు పెట్టి పిలవకు. 'ఒరేయ్ కోతీ' అంటే చాలు, పలుకుతాడు.

నీకిచ్చాను. జాగ్రత్త. ఇంతకు మించి రాయను.

రాకుమారుడు ఇక్కడే ఉన్నాడు. బాగా తింటున్నాడు.

అమ్మమ్మ

---

బాంకాక్,
12 సెప్టెంబర్ 2536

అమ్మమ్మకు,

గంప అందింది.

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను. మూడోసారి చింపకుండా పోస్టు చేయాలని కూర్చున్నాను.

సంతతి పుస్తకంలోకి రాకుమారుణ్ని ఎక్కించాను. తనిఖీకి పంపమన్నది వాణ్ని. నువ్వు పంపింది కోతిని. పొరపాటున పంపావేమో అనుకుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. 'నీకిచ్చాను' అని రాశావు. పొరపాటు కాదన్నమాట. రాకుమారుణ్ని వదులుకోలేక దగ్గర పెట్టుకుని, మంచం కింద మసిగుడ్డలో ఉన్నవాణ్ని నాకు పంపావు.

కొత్తేముంది? చిన్నప్పటి నుంచీ ఇదే వరస. దరుణక్క చందమామ, నేను కప్ప. ఇంటికి ఎవరొచ్చినా దరుణక్కను ఎదురుగా కూర్చోబెట్టి, 'అదిగో, ఆ మూలనున్న నల్లటిది కూడా మాదే' అనేదానివి. నాకు స్కూల్లో బహుమతి వస్తే, 'ఆ రోజు మిగతా పిల్లలంతా జ్వరమొచ్చి పడుకున్నారా?' అన్నావు. వికారి పిల్లకు వికారి పిల్లి. లెక్క సరిపోయింది. నువ్వు లెక్కల టీచరువి కదా.

వాడి మీద నాకేం కోపం లేదు. రెండు రోజులు బల్ల కింద ఉన్నాడు. మూడోనాడు వచ్చి నా టైపు మిషను మీద పడుకున్నాడు. నిజం చెప్పనా? నా కంటికి బాగానే ఉన్నాడు. దీపం వెలుగులో వాడి ఒళ్ళు వాన మబ్బులా మెరుస్తుంది. కానీ నాకేం తెలుసు, నేను గుమాస్తాను. నువ్వు కోతి అన్నావు, కోతే.

వాడి పేరు పెంపుడు పుస్తకంలో ఉంది. నిబంధన ప్రకారం ఆపరేషన్ చేయిస్తేనే కాగితం. ఈ వారం చివర్లో డాక్టరు దగ్గర చేయిస్తున్నాను. ఆ తర్వాత వాడు నా దగ్గరే ఉంటాడు. గదిలో చోటు లేకపోతే నేను సర్దుకుంటాను. రాకుమారుణ్ని న్యాయనిర్ణేత చలికాలంలో మీ వైపు వచ్చినప్పుడు చూస్తారు.

ఉంటాను.

విలైలక్

---

టెలిగ్రాం
పిమాయ్, 16 సెప్టెంబర్

కొయ్యొద్దు. వాడు ఎందుకూ పనికిరాడు. కొయ్యొద్దు. ఉత్తరం వస్తోంది. అమ్మమ్మ.

---

పిమాయ్,
16 సెప్టెంబర్ 2536

ఒసే కప్పా, మొద్దూ, నా బుర్ర నీకు రాలేదు, మీ నాన్నది వచ్చింది!

తంతి ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చి ఇది రాస్తున్నాను. అక్కడి గుమాస్తా నేను ఏడో తరగతిలో తప్పించిన పిల్ల కొడుకు. టెలిగ్రాం చదివి కళ్ళజోడు తీసి, 'టీచరుగారూ, పనికిరాడంటారు, కొయ్యొద్దంటారు. పేషెంటు మీకేమవుతాడు?' అన్నాడు. 'నా వంశోద్ధారకుడు' అన్నాను. పాపం, లేచి నిలబడి సానుభూతి చెప్పాడు.

విను. పసిబిడ్డను ముద్దుగా ఉందనకూడదని, అంటే దయ్యాలు విని ఎత్తుకుపోతాయని, ఈ దేశంలో పుట్టిన ప్రతి ఆడదానికీ పాలతోపాటు పట్టి పెంచుతారు. నీకు పట్టలేదా? పక్కింటి పాపను చూసి నువ్వే 'అబ్బ, ఎంత అసహ్యంగా ఉందో' అని బుగ్గ గిల్లావు కదా! పాపకొక న్యాయం, పిల్లికొక న్యాయమా?

పెద్దాయనకు ఒక తమ్ముడుండేవాడు, నీకు గుర్తుండదు. బడి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు వాణ్ని ఎత్తుకుని 'ఎంత బాగున్నాడో' అన్నాడు. వారం తిరక్కుండా పోయాడు. ఇన్‌స్పెక్టరు కాదు, పిల్లి. దయ్యాలకు కూడా సరుకు ఎంచడం తెలుసు.

తమలపాకు మొహం అన్నానా? ఈ జాతి పిల్లికి ఉండాల్సిన మొహమే అది. చెవులు పెద్దవి అన్నానా? ఉండాల్సిందే. వెంట్రుకల కొసన వెండి మెరుపు లేకపోతే అది మబ్బు పిల్లే కాదు. కళ్ళు ఇప్పుడు బురద, రెండు మూడేళ్ళకు లేత వరిచేను రంగుకు తిరుగుతాయి. ఇదంతా మీ సంఘం పుస్తకంలోనే అచ్చేసి ఉంది. ఆ పుస్తకాన్ని టైపు కొట్టావు గానీ చదవలేదు.

మరి రాకుమారుడు? వాడి రొమ్ము కింద బొటనవేలంత తెల్ల మచ్చ ఉంది. మీ న్యాయనిర్ణేత చూసిన క్షణంలో కొట్టేస్తాడు. వాకిట్లోకి తీసుకెళ్ళి వాణ్ని గట్టిగా ఎందుకు పొగిడానంటావు? ఎత్తుకుపోవాలనుకుంటే వాణ్నే ఎత్తుకుపోనీ అని! వాడు కూడా నిక్షేపంగా ఉన్నాడు. దయ్యాలకు కూడా వద్దు.

నువ్వు చేసిన పనికి పెద్దాయన వంశంలో తెల్ల మచ్చవాడు సింహాసనం మీద కూర్చుంటాడు, అసలు వారసుడు కత్తికి బలవుతాడు. తలుపేమో ఈ ఏడాదితో మూసేస్తారు. టెలిగ్రాం అందిందో లేదో తెలియదు. నువ్వు కోపంలో దాన్ని చదవకుండా పక్కన పెట్టావో తెలియదు. ఈ వయసులో రైలెక్కి రావాలా?

ఇక దరుణి సంగతి. అది పుట్టినప్పుడు నాలుగు కిలోలు. దాన్ని మోసుకుపోగల దయ్యం ఇంకా పుట్టలేదు. అందుకే ఎంత పొగిడినా నాకు భయం లేదు. నువ్వు నెలలు నిండకుండా పుట్టావు. నా అరచేతిలో పట్టావు. ఏడవడానికి కూడా ఊపిరి చాలేది కాదు. మీ అమ్మ నిన్ను చూసి 'బంగారు తల్లి' అనబోతే నోరు మూశాను. అప్పుడు నాకు వచ్చిన మొదటి మాట కప్ప. ఇంకా బతికే ఉన్నావుగా. పని చేస్తున్న మందును మధ్యలో ఆపుతారా ఎవరైనా?

వెంటనే జవాబు రాయి. వాడు ఎలా ఉన్నాడో ముందు వాక్యంలోనే రాయి. నమస్కారాలు తర్వాత.

అమ్మమ్మ

---

బాంకాక్,
21 సెప్టెంబర్ 2536

వాడు మొత్తంగా ఉన్నాడు. నమస్కారాలు.

టెలిగ్రాం డాక్టరు దగ్గరికి బయల్దేరే ముందే అందింది. కార్యదర్శి గారికి చూపిస్తే, 'పనికిరాని దాన్నే కదమ్మా కోయించేది, మీ అమ్మమ్మకు ఒంట్లో బాగుందా?' అన్నారు. నాకూ అర్థం కాలేదు. అయినా నువ్వు ఒక మాట రెండుసార్లు ఎప్పుడూ చెప్పవు. 'కొయ్యొద్దు' అని రెండుసార్లు ఉంది. అందుకే ఆపేశాను.

తర్వాత ఉత్తరం వచ్చింది. ఆఫీసులో చదివాను, అది తప్పయింది. కళ్ళు తుడుచుకుంటుంటే, 'పిల్లి వెంట్రుకలు పడవా నీకు? ఇక్కడ ఎలా పని చేస్తున్నావు?' అని కార్యదర్శి గారు అడిగారు.

న్యాయనిర్ణేతకు వాణ్ని చూపించాను. ఆయన చాలాసేపు పట్టుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, 'ఇలాంటి మొహం చూసి చాలా ఏళ్ళయింది. ఎంత...' అనబోయాడు. 'అబ్బే, కోతండీ, ఉత్త కోతి' అని అరిచాను. ఆయన నా వైపు చూసి నవ్వాడు. వాళ్ళదీ మన వైపే, ఉబోన్ అట. ఆచారం తెలిసినవాడే.

కానీ చిక్కు తీరలేదు. ఫారంలో వాడి పేరు పెంపుడు పుస్తకం కింద ముద్ర పడిపోయింది. మార్చాలంటే ఒకే ఒక్క దారి. పెంచినవారు తమ చేతిరాతతో యోగ్యతాపత్రం ఇవ్వాలి. ఈ పిల్లి ఎందుకు శ్రేష్ఠమో, ఏయే సుగుణాలున్నాయో, మొదట ఎందుకు పొరపాటు జరిగిందో రాయాలి. నింద ఒక్కటి కూడా ఉండకూడదు. నీ పాత ఉత్తరం చూపించాను, 'కోతి, దరిద్రుడు' అన్నచోట కార్యదర్శి గారు ఎర్ర సిరాతో గీత పెట్టారు. సరైన పత్రం అక్టోబర్ 4లోగా రాకపోతే రాకుమారుడే ఉంటాడు. న్యాయనిర్ణేత వాణ్ని తెల్ల మచ్చకు కొట్టేస్తే ఇక మన ఇంటి నుంచి మగపిల్లి లేనట్టే.

అంటే నువ్వు వాణ్ని పొగడాలి. కాగితం మీద. సంతకం పెట్టి.

దయ్యాలు వింటాయంటావు. వింటాయి సరే, చదువుతాయా? చదువు రాదు కదా వాటికి. కాబట్టి రాస్తే భయం లేదు. నోరు మూసుకుని రాయి, చాలు.

రాసే చేత్తో, అమ్మమ్మా, నా గురించి కూడా ఒక్క మంచి ముక్క రాస్తావా? ఎవరికీ చూపించను. మడిచి దాచుకుంటాను.

కప్ప

---

పిమాయ్,
28 సెప్టెంబర్ 2536

కప్పా,

దయ్యాలకు చదువు రాదని ఎవరు చెప్పారు నీకు? ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళు బడి నడిపాను. నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళలో కొందరు కాలం చేశారు. అందులో ఒకరిద్దరు సద్గతికి పోయే రకం కాదు. వాళ్ళకు చదవడం నేర్పింది నేనే. బాగా నేర్పాను కూడా, అదే నా బాధ.

అయినా రాశాను. ఎన్నిసార్లు రాశానో అడగకు. మొదటిసారి రాసి చూసుకుంటే 'వికారి' అన్న మాట మూడుచోట్ల ఉంది. చెయ్యి అలవాటుపడిపోయింది. రెండోసారి 'అంత అందవికారి కాదు' అని రాశాను. మీ కార్యదర్శి ఎర్ర సిరా గుర్తొచ్చి చింపాను. చివరికి కిటికీలు మూసి, మేఖలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తప్పుచేసిన పిల్ల సంజాయిషీ రాసినట్టు రాశాను. ఆ పత్రం ఇది:

'మార్జాల సంఘం వారికి. పిమాయ్ వాస్తవ్యురాలు, విశ్రాంత ప్రధానోపాధ్యాయిని ప్రయోంగ్ వ్రాయునది. మా ఇంట మేఖలకు పుట్టిన రెండవ మగపిల్ల, నేను చూసిన మగపిల్లలన్నిటిలో శ్రేష్ఠమైనది. వాని మొహము తీరుగా ఉన్నది. వాని ఒంటి రంగు తొలకరి మబ్బు వంటిది, ఒక్క తెల్ల మచ్చ లేదు. చెవులు నిటారుగా ఉన్నవి. పిలిచిన వెంటనే వచ్చును. చెల్లెళ్ళు తిన్న తరువాతనే తినును. నేను జ్వరముతో పడుకొన్న దినములలో నా కాళ్ళ వద్ద నుండి కదలలేదు. వీని తండ్రి మంచివాడు. వీడు తండ్రిని మించినవాడు. పొరపాటు జరిగినది ఎందుకనగా, మా ప్రాంతమున ప్రాణముగా చూచుకొనువారిని పొగడు ఆచారము లేదు. ఇందులోని ప్రతి మాట సత్యము. ఈ మాటలు వ్రాయుటకు నేను మిక్కిలి భయపడితిని.'

చివరి వాక్యం నిబంధనల్లో ఉండదు. ఉంచమను. నింద కాదుగా.

పత్రం అందగానే వాడి కాలి దారం చూడు. వదులైతే గుళ్ళో కొత్తది కట్టించు. నాలుగు రోజుల పాటు వాణ్ని కిటికీ దగ్గరికి పోనివ్వకు. తుమ్మినా, తిండి మానేసినా, ఉత్తరం కాదు, టెలిగ్రాం ఇవ్వు. తంతి ఆఫీసు అబ్బాయికి చెప్పి ఉంచాను. పేషెంటు పేరు కూడా రాసుకున్నాడు.

ఇక నీ కోరిక. నీ గురించి ఒక్క మంచి ముక్క రాయమన్నావు. రాయను. స్వయంగా ఇంద్రుడు దిగివచ్చి సంఘం ఫారం చేతిలో పెట్టి అడిగినా రాయను. పిల్లి విషయంలో తెగించాను. ఏదైనా జరిగితే ఏడుస్తాను, మేఖల ఏడుస్తుంది, కొన్నాళ్ళకు లేచి అన్నం తింటాం.

నీ విషయంలో ఆ తెగింపు నాకు లేదు.

అమ్మమ్మ